నంది కొండ వైన్‌లో రాతి రుచి వెతకొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో బెంగళూరు దగ్గరి నంది కొండ చుట్టుపక్కల ద్రాక్షతోటల మీద వచ్చిన వ్యాసం చదివాం. దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి వైపు పండే వైన్ ద్రాక్ష గురించి తెలుగులో ఇంత వివరంగా రాయడమే అరుదు, అందుకు సంతోషం. కానీ అందులో ముఖ్యంగా మూడు మాటలు సరిదిద్దాలి. గ్రానైటు రాతి రుచి వేర్ల గుండా వైన్‌లోకి దిగుతుందన్నారు. ఎర్రమట్టి రెడ్ వైన్‌కు ప్రత్యేకంగా కలిసొస్తుందన్నారు. నాసిక్‌లో నడిచే పద్ధతే ఇక్కడా నడుస్తుందన్నారు. మొదటి రెండూ తాగేవాళ్ల కబుర్లు, వాటివల్ల ఎవరి ఇల్లూ మునగదు. మూడోది నమ్మి చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు, బాగేపల్లి, కోలారు తాలూకాల్లో మన తెలుగు రైతు ఎవరైనా రెండెకరాలు నాటితే మాత్రం మూడో ఏటికి గానీ తప్పు బయటపడదు. అప్పటికి స్తంభాలు, తీగలు, డ్రిప్పు, అంటు మొక్కల ఖర్చంతా నేలలో కూరుకుపోయి ఉంటుంది.

ముందు రాతి రుచి సంగతి. ఈ ప్రాంతం కింద ఉన్నది గ్నైస్, గ్రానైటు జాతి రాయి. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే, గ్నైస్ అయితే 300 కోట్ల ఏళ్ల దాకా ఉంటుంది. దాన్ని పగలగొట్టి చూస్తే కనిపించేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం అని పిల్లలు ఏరుకునే అభ్రకం. వీటిలో ఏ ఒక్కదానికీ వాసన లేదు, నాలుక మీద పెట్టుకున్నా రుచి తెలియదు. వేరు రాతిని పీల్చదు. నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేటు లాంటివే పీలుస్తుంది. ఆ పొటాషియం ఫెల్డ్‌స్పార్ అరిగి వచ్చిందా, ఎరువు బస్తాలోంచి వచ్చిందా అన్న తేడా తీగకు తెలియదు. ఫ్రాన్స్‌లోని షాబ్లీ తోటల కింద చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలున్న సున్నపురాయి పొరలు ఉన్నాయి. ఆ వైన్‌లో సముద్రపు రుచి వస్తుందని చెప్పుకుంటారు. శిలాజమంటే కాల్షియం కార్బొనేటే, ఇంటికి వేసే సున్నం కోసం కాల్చే రాయి లాంటిదే. అక్కడి చలీ, పండులో మిగిలే పులుపూ కలిసి నాలుకకు అలా తోపిస్తాయి. అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి చెబుతున్నదీ ఇదే: వైన్‌లో 'ఖనిజ రుచి' అనుకునేది నేలలోని ఖనిజం రుచి కాదు.

ఎర్రమట్టికీ రెడ్ వైన్‌కూ చుట్టరికం అసలే లేదు. మట్టి ఎరుపు ఇనుప తుప్పుది, వైన్ ఎరుపు ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. ఇనుము నిజంగానే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి వైన్‌లోకి చేరితే అది మసకబారుతుంది. అలా చేరేది ఎక్కువగా పాత ఇనుప పంపుల నుంచి, తుప్పుపట్టిన అమరికల నుంచి. ఆస్ట్రేలియాలోని కూనవార ఎర్రమట్టికి పేరుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. అక్కడ పలచటి ఎర్రమట్టి, దాని కింద నీళ్లు నిలవనివ్వని సున్నపురాయి పొర ఉన్నాయి. ఆ పేరు ఆ కూర్పుది, రంగుది కాదు.

నేల వైన్‌ను మలిచే మాట మాత్రం నిజం. అయితే అది ప్రధానంగా నీళ్ల ద్వారా. ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బోర్డోలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త గులకరాళ్ల నేలలనూ, బంకమట్టి నేలలనూ దశాబ్దాల పాటు పరిశీలించి తేల్చిందిదే: పేరున్న తోటల మట్టిలో ఒకే రసాయనం కనబడదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, తీగకు నీళ్లు కొద్దికొద్దిగా, ఆగి ఆగి అందడం. అక్కడి గులకరాళ్ల మెడోక్‌లో వేర్లు లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటాయి. పొమెరోల్ బంకమట్టి నీళ్లను గట్టిగా పట్టుకుని ఆచితూచి వదులుతుంది. దారులు రెండు, ఫలితం ఒకటి. పిందె కట్టినప్పటి నుంచి రంగు తిరిగేదాకా తీగ కొంచెం దాహంగా ఉంటే కాయ చిన్నదవుతుంది. చిన్న కాయలో రసం తక్కువ, తొక్క వాటా ఎక్కువ. రంగూ వగరూ వాసనా తొక్కలోనే ఉంటాయి కనుక రెడ్ వైన్ చిక్కబడుతుంది. రంగు తిరిగాక కూడా ఆ దాహాన్ని అలాగే లాగితే ఆకులు ముందే పండి రాలతాయి, చక్కెర ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గుత్తి పండినట్టు కనిపిస్తుంది గానీ గింజ కొరికితే పచ్చి చేదు.

ఇక్కడి నేల ఎన్ని నీళ్లు పడుతుందో ఒక లెక్క వేసి చూపిస్తాం. గ్రానైటు మీది ఎర్రగరప నేల మీటరు లోతుకు సుమారు 110 మిల్లీమీటర్ల నీటిని తీగకు అందే రూపంలో ఉంచుకుంటుంది. నేల లోతు 60 సెంటీమీటర్లే ఉండి, అందులో మూడో వంతు గరుసురాళ్లే అయితే మిగిలేది 44 మిల్లీమీటర్లు. అందులో సగం వాడుకునేసరికి తీగ వాడుముఖం పెడుతుంది, అంటే చేతిలో ఉన్నది 22. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎదిగిన తోట రోజుకు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు తాగుతుంది. తొమ్మిది రోజుల్లో అయిపోయింది. అదే లెక్కను ఉత్తర కర్ణాటకలోని విజయపుర (బీజాపూర్) వైపు నల్లరేగడికి వేయండి. మీటరుకు 180 మిల్లీమీటర్లు, లోతు మీటరుం పావు, రాయి లేదు. సగం తీసినా 110 పైన, ఆరు వారాలకు సరిపోతుంది. అక్కడ తీగకు దాహం పుట్టించడమే కష్టం, ఇక్కడ దాహం శ్రుతి మించకుండా ఆపడం కష్టం. ఒకచోటి డ్రిప్పు పట్టిక తెచ్చి ఇంకోచోట గోడకు అంటిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

డ్రిప్పు లెక్క కూడా ఇందులోంచే వస్తుంది. వరుసల మధ్య రెండున్నర మీటర్లు, తీగల మధ్య 1.2 మీటర్లు ఉంటే ఒక్కో తీగకు మూడు చదరపు మీటర్లు, ఎకరానికి సుమారు 1,350 తీగలు. పూర్తి అవసరం తీర్చాలంటే తీగకు రోజుకు ఏడున్నర లీటర్లు. పిందె దశలో దాహం పెట్టాలనుకుంటే నాలుగు లీటర్ల దగ్గర ఆపాలి, అంటే ఎకరానికి 5,400 లీటర్లు. తక్కువ లోతు నేలలో ఈ నాలుగు లీటర్లనూ రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఇవ్వాలి. వారానికి ఒకేసారి 28 లీటర్లు వదిలితే సగం నీళ్లు వేర్లకు అందకుండా కిందికి దిగిపోతాయి, వాటితోపాటు నైట్రేటూ పోతుంది. సరిపోయిందా లేదా అన్నది చిగురు కొస చెబుతుంది. నులితీగలు కొసను దాటి ముందుకు సాగి ఉంటే ఎదుగుదల జోరుగా ఉందని, కొస మొద్దుబారి నులితీగలు ఎండి రాలుతుంటే దాహం మొదలైందని గుర్తు.

పైన '60 సెంటీమీటర్లు' అని తేలిగ్గా రాశాం గానీ అసలు చిక్కంతా ఆ అంకెలోనే ఉంది. గ్నైస్ ఒకేలా అరగదు. ఒకే ఎకరంలో ఒక మూల ఒకటిన్నర అడుగులకే బండ తగులుతుంది, ఇంకో మూల ఆరడుగులు దిగినా మట్టే. పైనుంచి చూస్తే రెండూ ఒకే ఎరుపు. అలాంటి చేనంతటికీ ఒకే రకం నాటి, ఒకే వాల్వుతో నీళ్లిచ్చి, ఒకే రోజు కోస్తే ఒక మూల పండు 24 బ్రిక్స్‌తో (బ్రిక్స్ అంటే రసంలో చక్కెర కొలత) ముడతలు పడుతూ, ఇంకో మూల 20 బ్రిక్స్‌తో నీళ్లు కారుతూ ఒకే తొట్టిలో పడతాయి. సగటు 22 వస్తుంది, కాగితం మీద బ్రహ్మాండం. వైన్‌లో మాత్రం ఎండు ద్రాక్ష వాసనా, పచ్చి మిరప వాసనా పక్కపక్కనే ఉంటాయి.

అందుకే నాటడానికి ముందు గుంత తీయాలి. ఎకరానికి కనీసం రెండు, చేను వాలుగా ఉంటే మెరకలో ఒకటి, నడుమ ఒకటి, పల్లంలో ఒకటి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు. జేసీబీతో గంటలో తేలే పని. ఎండ పడే గోడను పారతో చెక్కి చూడండి. పైన గరపమట్టి, కింద గరుసు చార, దాని కింద జిగురుగా ఉండే ముదురు ఎరుపు పొర, ఆ కింద కుళ్లిన రాయి అంటే మొరం కనిపించాలి. మొరం పొరను గడ్డపారతో పొడిస్తే పలుకులుగా రాలితే మంచిదే, పగుళ్ల వెంట వేరు దిగుతుంది. ఖంగుమని మోగితే అక్కడితో మీ నేల అయిపోయింది, లోతు అక్కడిదాకే రాసుకోండి. తర్వాత గుంత అడుగున అడుగెత్తు నీళ్లు పోసి మర్నాడు చూడండి. ఇంకా నిలిచి ఉంటే జిగురుపొర నీళ్లు వదలడం లేదని అర్థం. అక్టోబరు వానల్లో వేరు కుళ్లేది సరిగ్గా అక్కడే. అలాంటి చోట అడుగున్నర ఎత్తు కట్టలు పోసి వాటి మీద నాటాలి, లేదంటే ఆ ముక్క వదిలేయాలి.

భూసార పరీక్షకు మట్టి తీసేటప్పుడు 0–30, 30–60, 60–90 సెంటీమీటర్ల పొరలు దేనికదే సంచిలో వేయండి, కలపకండి. ఇంకో సంగతి పరీక్ష కాగితంలో రాదు. ప్రయోగశాలలో మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రాళ్లు పారేసి, మిగిలినదాన్నే పరీక్షిస్తారు. మీ చేలో బరువు లెక్కన సగం గరుసే ఉంటే, పరిమాణంలో అది మూడో వంతు. కాగితంలో ఉన్న పోషకాలూ నీటిశక్తీ అంత మేర తగ్గించి చదువుకోవాలి. జల్లెడ ఇంట్లోనే పట్టి రాళ్లు తూచుకుంటే సరిపోతుంది. బెంగళూరు హెబ్బాళలో జాతీయ మృత్తికా సర్వే సంస్థ ప్రాంతీయ కేంద్రం, పక్కనే జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం, హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉన్నాయి. దేశంలో ఇంకే ద్రాక్ష ప్రాంతానికీ ఇన్ని మట్టి ప్రయోగశాలలు ఇంత చేరువలో ఉండవేమో. అయినా అంటు మొక్కలమ్మేవాళ్ల మాట మీదే తోటలు పడుతుండటం మాకు మింగుడుపడని విషయం.

మట్టి రసాయనం పూర్తిగా పట్టించుకోనక్కర్లేదని కాదు. దాని ప్రభావం వైన్ సీసాలో ఒకచోట సూటిగా కనబడుతుంది, అది పొటాషియం. గ్రానైటు మట్టిలోని బంక ఎక్కువగా కెయొలినైట్ అనే రకం, దానికి పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. వంద గ్రాములకు 3 నుంచి 15 మిల్లీఈక్వివలెంట్లు, నల్లరేగడి బంకకు 80 పైనే. పట్టు తక్కువ కనుక మనం వేసిన పొటాష్ మట్టికి అంటుకోకుండా నేరుగా వేరుకు అందుతుంది. తినే ద్రాక్షకు అలవాటైన చేతులు రంగు కోసమని కోతకు ముందు పొటాష్ దండిగా ఎక్కిస్తాయి. వైన్ ద్రాక్షలో అది ఎదురు తిరుగుతుంది. పండులోని టార్టారిక్ ఆమ్లంతో పొటాషియం జతకట్టి, తొట్టి అడుగున పంచదార పలుకుల్లా పేరుకుపోతుంది. ఆమ్లం పోయి పీహెచ్ పెరుగుతుంది. 3.5 ఉండాల్సిన చోట 3.9 వచ్చిందంటే రెడ్ వైన్‌ను సూక్ష్మజీవుల నుంచి కాపాడటానికి లీటరుకు 25 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ చాలే చోట 60 పైన వేయాలి. రంగు ఊదా నుంచి ఇటుక వైపు జారుతుంది. బయటి నుంచి టార్టారిక్ ఆమ్లం కలపవచ్చు. లీటరుకు గ్రాము కలిపితే పీహెచ్ సుమారు 0.1 దిగుతుంది. నాలుగు గ్రాములు కలిపిన వైన్ తాగితే పళ్లు పులుస్తాయి.

అంటు కింది మొక్క, అదే రూట్‌స్టాక్, ఎంపిక కూడా ఇందులో భాగమే. తినే ద్రాక్షకు పేరున్న డాగ్‌రిడ్జ్ అనే రూట్‌స్టాక్ ఉప్పునీళ్లనూ బెట్టనూ తట్టుకుంటుంది, ఒప్పుకుంటాం. కానీ జోరెక్కువ, పొటాషియం ఎక్కువగా లాగుతుంది. లోతైన మట్టిలో దాని మీద షిరాజ్ అనే వైన్ రకాన్ని అంటు కడితే ఆకుల గుబురులో గుత్తి నీడన పడుతుంది. నీడన పడ్డ గుత్తిలో పొటాషియం ఇంకా పెరుగుతుంది. 110ఆర్ అనే ఇంకో రూట్‌స్టాక్ డాగ్‌రిడ్జ్ అంత జోరు చూపదు, బెట్టకు ఓర్చుకుంటుంది, పొటాషియం విషయంలో నెమ్మది. లోతు ఉండి నీళ్లు తియ్యగా ఉన్న చోట మా ఓటు దానికే. బోరు నీళ్లలో ఉప్పు తేలిన చోట డాగ్‌రిడ్జ్ తప్పకపోవచ్చు. ద్రాక్షకు మట్టిలో ఉప్పును కొలిచే ఈసీ 1.5 దాటితే ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు పది శాతం పడిపోతుంది. ఇక్కడి లోతు బోర్ల నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, డ్రిప్పరు మూతి చుట్టూ తెల్లటి పొక్కు కడుతుందంటే అదే. డ్రిప్పరు కింది మట్టి పీహెచ్ ఏటేటా పెరిగి జింకూ ఇనుమూ అందకుండా పోతాయి. చేను మట్టి మాత్రం 6 దగ్గరే ఉంటుంది కనుక వరుసల మధ్య తీసిన నమూనాలో ఈ జబ్బు కనబడదు. డ్రిప్పరు కింద ఒకటి, వరుస మధ్య ఒకటి విడిగా తీయాలి.

ఇక వాతావరణం. 2004లో కోర్నెలిస్ వాన్ లీవెన్ బృందం బోర్డోలో నేల, వాతావరణం, రకం మూడింటి ప్రభావాన్ని తూచి చూస్తే వాతావరణానిదే పైచేయి అయింది. ఇక్కడైతే ఆ మాట రెండింతలు నిజం. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో తీగకు నిద్ర ఉండదు, చలికాలమొచ్చి ఆకు రాల్చదు. కత్తెరే దాని పంచాంగం. ఏప్రిల్‌లో పునాది కత్తిరింపు చేసి కొమ్మకు ఒక్క కన్ను (మొగ్గ) మిగులుస్తాం, కొత్త కొమ్మ పెరుగుతుంది. ఆ కత్తిరింపు అయ్యాక 40 నుంచి 60 రోజుల మధ్య, కొమ్మ లోపలి కన్నుల్లో వచ్చే ఏటి గుత్తి రూపుకడుతుంది. దానికి ఎండ కావాలి. మే నెలాఖరుకు గుబురు పలచన చేయకపోయినా, కత్తిరింపు ఆలస్యమై ఆ రోజులు జూన్ మబ్బుల్లో పడినా ఆ కన్ను గుత్తికి బదులు నులితీగను ఇస్తుంది. అక్టోబరులో చూసి తల పట్టుకుంటే లాభం లేదు, తప్పు మే నెలది.

నాసిక్ పోలిక కుప్పకూలేది రెండో కత్తిరింపు, అంటే గుత్తుల కోసం చేసే కాపు కత్తిరింపు దగ్గర. అక్కడ వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసి అక్టోబరుకు తెరిపి ఇస్తుంది. బెంగళూరు ఏడాది వాన 970 మిల్లీమీటర్ల చిల్లరలో మూడో వంతుకు పైగా ఒక్క సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది, ఈశాన్య రుతుపవనం నవంబరులోనూ తొంగిచూస్తుంది. సెప్టెంబరు చివర కాపు కత్తిరింపు చేస్తే సరిగ్గా చిగురు నాలుగైదు ఆకులు వేసి పూగుత్తి బయటపడే వేళకు చిత్త, స్వాతి కార్తెల వానలు దిగుతాయి. బూజు తెగులుకు కావలసింది కనీసం పది సెంటీమీటర్ల చిగురు, పది మిల్లీమీటర్ల వాన, పది డిగ్రీలకు పైన వేడి, ఒక రోజు తడి. ఇక్కడ ఆ నాలుగూ ఒకే రోజు కుదురుతాయి. ఆకు మీద నూనె మచ్చ కనబడేసరికి పూగుత్తి గోధుమ రంగుకు తిరిగి కొక్కెంలా వంగిపోయి ఉంటుంది.

కాబట్టి ఇక్కడ కత్తెర అక్టోబరు 20 తర్వాత పట్టడమే మేలని మా అభిప్రాయం. దానికీ మూల్యం ఉంది. తెల్ల వైన్ రకమైన సోవిన్యాన్ బ్లాంక్ 120–130 రోజుల్లో కోతకొస్తుంది, అంటే ఫిబ్రవరి చివర, ఇబ్బంది లేదు. రెడ్ వైన్ రకమైన కాబెర్నే సోవిన్యాన్‌కు 150 రోజులు కావాలి, అంటే మార్చి మూడో వారం. అప్పటికి మామిడి జల్లులు, ఒక్కోసారి వడగళ్లు. పండిన గుత్తి మీద గంట వాన పడితే కాయ పగిలి ఈగలు ముసిరి పులిసిన వాసన మొదలవుతుంది. అందుకే కాబెర్నేను మెరకలోని తక్కువ లోతు నేలకే పరిమితం చేయాలి, అక్కడ పంట తొందరగా ముదురుతుంది. పల్లంలోని లోతు నేల షెనిన్ బ్లాంక్ లాంటి తెల్ల రకాలకు ఇవ్వాలి. చేనంతా కాబెర్నే అన్నవాళ్లు వానతో జూదమాడుతున్నట్టే.

బూజు తెగులుకు కొట్టే బోర్డో మిశ్రమం గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది, అదీ తప్పు. మైలుతుత్తం, సున్నం రెండూ ఒకే డ్రమ్ములో కలపకూడదు. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో సున్నం ఇంకో 50 లీటర్లలో విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించాలి, ఇనుపవి వద్దు. తర్వాత రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి వంచుతూ కలపాలి. మెరిసే ఇనుప మేకును ఒక నిమిషం ముంచి తీస్తే దాని మీద రాగి పూత పట్టకూడదు. పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలపాలి, లేకపోతే లేత ఆకు మాడుతుంది. కోత దగ్గర పడ్డాక సోవిన్యాన్ బ్లాంక్ మీద రాగి మందులు వద్దు. ఆ రకానికి పేరు తెచ్చే జామపండు లాంటి వాసనలు గంధక సమ్మేళనాలవి, రాగి వాటిని పట్టేసుకుంటుంది.

ఎత్తు గురించి వ్యాసకర్త రాసింది బాగుంది, లెక్క మాత్రం ఇవ్వలేదు. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. దొడ్డబళ్లాపురం దాదాపు 880 మీటర్లు, హిందూపురం 620. రాయి దాదాపు అదే, మట్టి రంగు అదే, ఎత్తు తేడా వల్ల మాత్రం హిందూపురం సుమారు 1.7 డిగ్రీలు వేడి. పండు తనలోని మాలిక్ ఆమ్లాన్ని పగలూ రాత్రీ ఊపిరితో ఖర్చు చేస్తుంది, రాత్రి కూడా వెచ్చగా ఉంటే ఖర్చు ఎక్కువ. అందుకే అక్కడ పండు చక్కెర పట్టేలోపే పులుపు పోగొట్టుకుంటుంది. ఇక్కడ ఫిబ్రవరి రాత్రులు 16–18 డిగ్రీలకు దిగుతాయి కనుక కొంత పులుపు నిలుస్తుంది. పెన్న పుట్టిన కొండ దగ్గర వైన్ నిలబడటానికి కారణం ఈ రాత్రి చలే గానీ కొండ రాయి కాదు. చెరువు కింది పల్లాల్లోకి రాత్రి చల్లగాలి జారి ఇంకా చల్లబడుతుంది. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు అక్కడే పట్టి పదింటిదాకా ఆకు ఆరదు, బూడిద తెగులూ బూజూ వంతులేసుకుని వస్తాయి. చల్లదనం ఒక్కటే చూసుకుని పల్లంలో నాటడం తెలివైన పని కాదు.

జర్మనీలో మోజెల్ ఒడ్డున పలకరాళ్లు పగటి వేడిని దాచుకుని తీగకు ఇస్తాయని చదివి ఇక్కడ కొందరు తీగల మొదట్లో గులకరాళ్లు పరుస్తున్నారట. 50 డిగ్రీల అక్షాంశంలో వేడి వరం. 13 డిగ్రీల దగ్గర వరుస మొదట్లో రాళ్లు పరిస్తే మార్చి మధ్యాహ్నం గుత్తి కింది నుంచి ఉడుకుతుంది. 35 డిగ్రీలు దాటితే తొక్కలో రంగు కట్టడమే తగ్గిపోతుంది. వరికోసిన గడ్డి పరవండి చాలు. వరుసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే తూర్పు వైపు గుత్తి చుట్టూ ఆకు తీసి ఉదయపు ఎండ తగలనివ్వండి, కాబెర్నేలో పచ్చి మిరప వాసన తగ్గేది దానివల్లే. పడమటి వైపు ఆకు ముట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగింటి ఎండకు గుత్తి ఆ వైపు మాడి గోధుమ మచ్చ పడుతుంది. రెండు వైపులా సమంగా ఆకు దూసిన తోట ఫొటో మీ వ్యాసంలోనే ఉంది, చూడముచ్చటగా ఉంది గానీ అది ఆదర్శం కాదు.

ఇకముందు మీరు ఏ తోట గురించి రాసినా మూడు వివరాలు అడిగి వేయమని మనవి: సముద్రమట్టం నుంచి ఎత్తు, గుంత తీసి చూసిన నేల లోతు, కాపు కత్తిరింపు తేదీ. నేల రంగు కన్నా ఈ మూడే ఆ సీసా గురించి ఎక్కువ చెబుతాయి.

చివరగా ఒక ఫొటో సంగతి. మొదటి పేజీలో 'కాబెర్నే సోవిన్యాన్ గుత్తులు' అని వేసినవి బెంగళూరు బ్లూ గుత్తులు. మడతపడిన ఆకు అడుగున తెల్లటి నూగు స్పష్టంగా కనబడుతోంది, కాబెర్నే ఆకు అడుగు అలా ఉండదు. కాయను వేళ్ల మధ్య నొక్కితే బెంగళూరు బ్లూ తొక్క సంచిలా ఊడి గుజ్జు గోళీలా బయటికి జారుతుంది. ద్రాక్ష చాక్లెట్టు వాసన కొడుతుంది, ఆ వాసన మిథైల్ ఆంథ్రానిలేట్‌ది. వానా తేమా తట్టుకునే అమెరికా జాతి రక్తం ఉన్న రకం అది, 2013లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దాన్ని ఈ గ్రానైటు నేల మీదే తరాలుగా పండిస్తున్నారు, ఆ చాక్లెట్టు వాసనను మాత్రం ఏ రాయీ మార్చలేదు. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. హెసరఘట్ట సంస్థ అర్కా శ్యామ్‌ను రూపొందించింది దాన్ని బ్లాక్ చంపాతో కలిపే. మన హైదరాబాదు అనాబ్-ఎ-షాహీని ఇంకో రకంతో కలిపి అర్కా సోమ అనే తెల్ల వైన్ రకాన్ని తెచ్చిందీ అదే సంస్థ. ఫొటో కింది పేరు మాత్రం వచ్చే ఆదివారం సవరించగలరు.

ఇట్లు,
ద్రాక్ష సాగు, వైన్ తయారీ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
యలహంక, బెంగళూరు